నూతన వ్యాపారము – కొనుగోలుదారుల విశ్వాసము
(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదేండ్ల పండుగ జరుపుకొంటున్న విద్యాలయంలో వ్యాపారాన్ని గురించిన ప్రసంగమా అని కొందరు పెద్దలకు సందేహం కలుగవచ్చు. ఈ బడిలో అక్షరాలు దిద్దినవారందరూ ఉద్యోగాలకే పోలేదు. ఊరగాయలు పెట్టి అమ్మేవారు, కుట్టుపని చేసేవారు, పూలమొక్కలు పెంచేవారు, పాల వ్యాపారం సాగించేవారు ఈ చుట్టుపక్కల ఎందరో ఉన్నారు. ఈనాడు అటువంటి కొత్త ప్రయత్నానికి స్టార్టప్ అనే పేరు వచ్చింది. పేరుతోపాటు ఒక భ్రమ కూడా వచ్చింది. బ్రాండు అంటే అందమైన బొమ్మ, ఆకర్షణీయమైన రంగు, నోరూరించే ప్రకటన అని నమ్మి, చేతనున్న కొద్ది సొమ్ములో సగం బోర్డులకూ కరపత్రాలకూ వెచ్చించి, సరుకు దగ్గరకు వచ్చేసరికి చేతులెత్తేసిన యువకులు కనబడుతూనే ఉన్నారు.

ఊరూ పేరూ తెలియని సరుకును జనం ఎందుకు నమ్మాలి? ఈ ప్రశ్న తెలుగువారికి కొత్తది కాదు. కృష్ణా జిల్లావాసి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించినప్పుడు ఆయన భాష వేరు, ఆ నగరపు భాష వేరు. మందు పేరు ఎవరికీ తెలియదు. ఆయన సంగీత సభలకు వెళ్లి, అక్కడికి వచ్చినవారికి ఆ లేపనాన్ని ఉచితంగా పంచిపెట్టారు. అందులోని యుక్తి గమనింపదగినది. గంటల తరబడి కూర్చున్న శ్రోత దానిని అప్పటికప్పుడే నుదుట రాసుకొని చూడగలడు. అమ్మేవాని మాట నిజమో కాదో మరి కొద్ది నిమిషాలలో ఆ నుదురే చెబుతుంది. వినేవాడు పైకం చెల్లించనక్కరలేదు. నష్టం వస్తే అది అమ్మేవానిదే. ఆ మందు తెచ్చిన రాబడియే 1908లో బొంబాయిలో వారపత్రికగా వెలువడి, 1914లో మద్రాసులో దినపత్రికగా మారిన ఆంధ్రపత్రికకు అండ అయిందన్నది పెద్దలెరిగిన చరిత్రే.

అయితే లేపనం సీసాలో నెలల తరబడి చెడకుండా ఉంటుంది. పూటపూటకూ గుణం మారే సరుకును అమ్మవలసి వస్తే ఏమి చేయాలి? దానికి హొసకోటెతో సంబంధమున్న ఉదాహరణ ఒకటి ఉన్నది. అదే ఇడ్లీ, దోసెల పిండి.

2005 ప్రాంతంలో బెంగళూరు అంగళ్లలో రుబ్బిన పిండిని మామూలు ప్లాస్టిక్ సంచులలో పోసి, మూతికి రబ్బరు బ్యాండు చుట్టి అమ్మేవారు. సంచిమీద పేరు లేదు, తేదీ లేదు. పులిసిపోయిందనో, వాసన వస్తోందనో ఫిర్యాదు చేయాలంటే అంగడివాని మీద విసుక్కోవడమే గాని, రుబ్బినవాడెవడో తెలిసే దారి లేదు. తిప్పసంద్రలో అంగడి నడుపుతున్న కేరళ యువకులు ఈ ఫిర్యాదులు రోజూ వినేవారు. వారికి వరుసకు సోదరుడైన పి. సి. ముస్తఫా, వారూ కలిసి ఆ సంవత్సరమే ఒక చిన్న గదిలో రెండు గ్రైండర్లు, ఒక మిక్సరు, సంచులకు సీలు వేసే యంత్రం పెట్టుకొని పని మొదలుపెట్టారు. పెట్టుబడి వేలలోనే. ఇడ్లీ, దోసెల ఆంగ్ల మొదటి అక్షరాలను కలిపి ఐడీ అని పేరు పెట్టారు. పేరు పెట్టడమంటే, తప్పు జరిగితే అడగడానికి ఒక చిరునామా ఇవ్వడమే. అప్పటివరకు ఆ సరుకుకు కొరవడినది అదే.

ఈ సభలో ఉపాధ్యాయులున్నారు గనుక ఒక మాట. వయనాడు కూలీ కుటుంబంలో పుట్టిన ఈ ముస్తఫా ఆరవ తరగతి తప్పి, బడి మాని తండ్రితో కూలిపనికి పోయిన బాలుడు. మాథ్యూ అనే గణితోపాధ్యాయుడు నచ్చజెప్పి మళ్లీ అదే తరగతిలో కూర్చోబెట్టారు. ఆ కుర్రవాడే కాలికట్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, విదేశాలలో ఉద్యోగం చేసి, తరువాత బెంగళూరు ఐఐఎంలో చేరాడు.

రోజుకు నూరు పొట్లాల అమ్మకానికి చేరడానికి వారికి తొమ్మిది నెలలు పట్టింది. ఐఐఎం చదువు, ఇంజనీరింగ్ పట్టా, నగరంలో సొంత అంగడి ఇన్ని ఉండి కూడా తొమ్మిది నెలలు! మూడవ నెలలోనే నిరాశపడి పిల్లవానిని వ్యాపారం మూసివేయమని ఒత్తిడి చేసే తల్లిదండ్రులు ఈ లెక్క గుర్తుంచుకొంటే బాగుంటుంది.

ఆలస్యానికి కారణం ప్రకటనలు లేకపోవడం కాదు, పిండి స్వభావం. బియ్యమూ మినపపప్పూ నానబెట్టి రుబ్బినప్పుడు వాటిలోనే ఉన్న లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా పెరిగి, పిండిని పులియజేసి, బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. ఇడ్లీ మెత్తదనం ఆ వాయువు వల్లనే. సంచికి సీలు వేసినంత మాత్రాన ఈ క్రియ ఆగదు. వేసవిలో వడివడిగా సాగి సంచి ఉబ్బుతుంది. డిసెంబరు చలిలో మందగించి పిండి పొంగదు. మందులు కలిపి నిలవ చేయరాదని నియమం పెట్టుకొంటే ఇక మిగిలినది చల్లదనం, వేగం, శుభ్రత మాత్రమే. రోజూ తాజా సరుకు పంపాలి, అమ్ముడుపోనిదానిని వెనక్కు తీసుకోవాలి. ఆ నష్టం లెక్కల పుస్తకంలో ఖర్చుగానే కనిపిస్తుంది. నిజానికి బోర్డుమీద పెట్టవలసిన డబ్బు అదే. ఒక గృహిణి సోమవారం మంచి పిండిని, గురువారం పులిసిన పిండిని ఇంటికి తీసుకుపోతే ఆమెకు గుర్తుండేది గురువారమే.

గిరాకీ పెరిగి పాత గది చాలక 2008లో ఆ సంస్థ హొసకోటె పారిశ్రామిక ప్రాంతంలో 2,500 చదరపు అడుగుల షెడ్డు కొని, పెద్ద గ్రైండర్లు దిగుమతి చేసుకొన్నది. ఒకనాడు రాగి, ద్రాక్ష, పట్టుపురుగులతో బతికిన ఈ తాలూకా నేలమీద నగరానికి ఉదయపు ఫలాహారం తయారైంది. 2014లో హీలియన్, 2017లో ప్రేమ్‌జీ ఇన్వెస్ట్ సంస్థలు అందులో పెట్టుబడి పెట్టాయి.

హొసకోటెలో తెల్లవారకముందే బిరియానీకై బెంగళూరు నుండి వచ్చి వరుసలో నిలిచేవారిని చూడనివారు ఈ సభలో ఉండరు. వారిని మొదట రప్పించినది గోడమీది ప్రకటన కాదు, ముందు తిన్నవారి మాట. అక్కడ వండేవాడు, గిన్నె, పొయ్యి అన్నీ కంటికి కనబడతాయి. సీలు వేసిన పొట్లానికి ఆ సదుపాయం లేదు. అందువల్లనే ఐడీ సంస్థ తన కర్మాగారంలో పిండి తయారయ్యే విధానాన్ని అంతర్జాలం ద్వారా జనానికి ప్రత్యక్షంగా చూపించింది. నగరంలోని కొన్ని నివాస సముదాయాలలో అమ్మేవాడు లేని శీతల పెట్టెలను కూడా ఉంచింది. కావలసినది తీసుకొని, పైకం పెట్టి పోవడమే. కొనేవాడు అమ్మేవానిని నమ్మాలని అందరూ కోరుతారు. అమ్మేవాడు కొనేవానిని ముందు నమ్మి చూడడం అరుదు. ఇది ప్రచారం కోసం కూడా చేసి ఉండవచ్చు. అయినా పెట్టెలోని సరుకు నిజమైనదే, పోతే పోయే డబ్బూ నిజమైనదే.

ఇంత శ్రమతో కూడబెట్టిన నమ్మకానికి 2021 సెప్టెంబరులో పరీక్ష వచ్చింది. ఈ పిండిలో ఆవు ఎముకలు, లేగదూడ కడుపునుండి తీసే రెన్నెట్ కలుపుతున్నారని ఒక సందేశం వాట్సాప్‌లో దేశమంతటా పాకింది. యజమానుల మతాన్ని ముందుపెట్టి రాసిన రాత అది. చదువుకొన్నవారు, తల్లిదండ్రులు, శాఖాహార నియమం పాటించే పెద్దలు అది నిజమా అని విచారించకుండానే మరొకరికి పంపారు. తొమ్మిదవ తరగతి శాస్త్రం గుర్తున్నా చాలు, ఆ రాత నిలవదు. రెన్నెట్ పాలను విరిచి జున్నుగా గడ్డకట్టించే పదార్థం. పాలు లేని బియ్యపు పిండిలో దానికి పనే లేదు. ఎముకలతో పిండి పులియదు. అయినా భయం ముందు శాస్త్రం ఆలస్యంగానే నడుస్తుంది.

అక్కడ ప్రమాదంలో పడినది యజమాని పేరు ఒక్కటే కాదు. రాత్రివేళ పప్పు నానబెట్టే కార్మికులు, తెల్లవారుజామున బండ్లు తోలేవారు, ఆ సరుకు మీద నాలుగు రూపాయలు మిగుల్చుకొనే చిన్న అంగడివారు, వీరందరి జీవనం ఒక అబద్ధపు సందేశం మీద వేలాడింది. కొత్తగా చిన్న వ్యాపారం పెట్టినవారిమీద అదే రాత వచ్చి ఉంటే వారం తిరగకుండానే తలుపులు మూసుకొనేవారు.

సంస్థ బెంగళూరు సైబర్ నేర విభాగానికి ఫిర్యాదు చేసింది. జనానికి మాత్రం కొత్త నినాదమేదీ ఇవ్వలేదు. తమ పిండిలో ఉన్నవి బియ్యం, మినపపప్పు, మెంతులు, నీరు అని చెప్పింది. అంగడి అరమీద ఉన్న పొట్లాన్ని తిప్పి చూసినవారికి ఆ పేర్లు అప్పటికే దానిమీద అచ్చువేసి ఉన్నాయి.