పరీక్ష అయ్యేదాకా గోధుమ మానిపించొద్దు: బారువ నుంచి ఒక అమ్మ మాట

నాది శ్రీకాకుళం జిల్లా, సోంపేట మండలం, బారువ. మా ఆయన గుజరాత్‌లో వేరావల్ దగ్గర బోటు మీద పనిచేస్తారు. ఇక్కడ ఇంట్లో నేను, మా అత్తమ్మ, మా పాప. పాపకి 4 ఏళ్ళు నిండాయి. దానికి గోధుమ పడట్లేదేమోనని అనుమానం. ఆరు నెలలుగా ఆసుపత్రుల చుట్టూ తిరిగి, డాక్టర్లని అడిగి నేను తెలుసుకున్నది ఈ ఎపిసోడ్‌లో చెప్తాను. నేను డాక్టర్‌ని కాను, అమ్మని మాత్రమే.

ఈ వీడియో చూసేవాళ్ళలో చాలామందికి ఇంకా పిల్లలు ఉండకపోవచ్చు. కానీ ఇంట్లో అక్క పిల్లకో, అన్నయ్య కొడుక్కో ఒంట్లో బాగోకపోతే ఫోన్‌లో వెతికి చెప్పేది మీరే కదా. అందుకే మీతోనే మాట్లాడుతున్నాను.

మా పాప పొట్ట ఎప్పుడూ ఉబ్బి ఉంటుంది. చేతులూ కాళ్ళూ మాత్రం పుల్లల్లా ఉంటాయి. రోజుకి నాలుగైదు విరేచనాలు, అదీ జిడ్డుగా, చెడు వాసనతో. నోట్లో పుళ్ళు తగ్గుతాయి, మళ్ళీ వస్తాయి. బరువు 11.5 కిలోలు. ఏడాదిలో ఒక్క కిలో కూడా పెరగలేదు. మా అత్తమ్మ అయితే "ఓలమ్మ, గుంట ఎలా సిక్కిపోనాదో సూడు, దిష్టి తగిలినాది" అని రోజూ ఉప్పూ మిరపకాయలూ తీస్తుంది. తియ్యనీ, తప్పులేదు. నేను మాత్రం ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

మొదట నులిపురుగులేమో అన్నారు. ఫిబ్రవరి 10న అంగన్‌వాడీల్లో, స్కూళ్ళలో ఇచ్చే ఆల్బెండజోల్ బిళ్ళ వేయించాం. తేడా లేదు. మలం పరీక్ష చేయించాం, ఏమీ దొరకలేదు. పాలు ఆపి చూశాం, మార్పు లేదు. మాది ఉద్దానం కదా, ఎవరికి నీరసం వచ్చినా మాకు ముందు గుర్తొచ్చేది కిడ్నీయే. మా దగ్గర చదువు రాని ముసలమ్మ కూడా "క్రియాటినిన్ ఎంతుంది" అని అడుగుతుంది. పాపకి అదీ చూశారు, నార్మల్. రక్తం మాత్రం 7.8 ఉంది. మూడు నెలలు ఐరన్ సిరప్ పట్టాక మళ్ళీ చూస్తే 8.

అప్పుడు ఒక పిల్లల డాక్టర్ గారు ఈ మాట అన్నారు. "అమ్మా, మందు వేస్తున్నా రక్తం పెరగట్లేదంటే, లోపలికి వెళ్ళింది పేగు పీల్చుకోవట్లేదేమో. సీలియాక్ పరీక్ష చేయిద్దాం." ఆ పేరు వినడం అదే మొదటిసారి. ఇంకోచోట అడిగితే "అన్నం తినే ఊళ్ళో ఆ జబ్బు ఎక్కడుంటాదమ్మా" అని నవ్వేశారు. ఇద్దరూ చదువుకున్నవాళ్ళే. మరి ఎవరి మాట వినాలి?

ముందు ఆ జబ్బు ఏమిటో చెప్తాను. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో గ్లూటెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. చపాతీ పిండి కలిపితే సాగుతుంది కదా, అది దానివల్లే. మన చిన్నపేగు లోపలి గోడకి తువాలు మీద పోగుల్లా సన్నని పోగులుంటాయి. తిన్నదాంట్లోని సత్తువని పీల్చుకునేది అవే. సీలియాక్ ఉన్నవాళ్ళు గ్లూటెన్ తింటే, ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన శక్తి తిరగబడి ఆ పోగుల్నే దెబ్బతీస్తుంది. పోగులు అరిగిపోతే ఎంత తిన్నా ఒంటికి పట్టదు.

దీనికి గోధుమే కారణమని తేల్చింది విల్లెం డికే అనే నెదర్లాండ్స్ పిల్లల డాక్టర్. ఆయనకి ఆ అనుమానం ముందునుంచే ఉంది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45 చలికాలంలో ఆ దేశంలో కరువొచ్చింది, రొట్టె దొరకలేదు. ఈ జబ్బున్న పిల్లలు ఆ కరువులో తేరుకున్నారు. రొట్టె మళ్ళీ వచ్చాక మళ్ళీ జబ్బుపడ్డారు. దానిమీద పరిశోధన చేసి 1950లో ఆయన తన సిద్ధాంత గ్రంథం ఇచ్చారు.

ఇక మన సంగతి. 2016లో ఒక పెద్ద అధ్యయనం అచ్చయింది. ఉత్తరాన, ఈశాన్యాన, దక్షిణాన కలిపి 23 వేలమందికి పైగా పెద్దవాళ్ళకి రక్తపరీక్షలు చేశారు. దక్షిణానికి వేలూరు ప్రాంతాన్ని తీసుకున్నారు. సీలియాక్‌ని సూచించే గుర్తులు ఉత్తరాదిలో వెయ్యికి 12 మంది రక్తంలో ఉంటే, దక్షిణాదిలో వెయ్యికి ఒక్కరిలోనే ఉన్నాయి. అంటే "ఇక్కడ ఎక్కడుంటాది" అన్నాయన మాట పూర్తిగా తప్పు కాదు.

కానీ అదే అధ్యయనంలో ఇంకో లెక్క ఉంది. ఈ జబ్బు రావడానికి అవకాశమిచ్చే జన్యువులు ఉత్తరాదిలో నూటికి 38 మందిలో ఉంటే, దక్షిణాదిలో నూటికి 36 మందిలో ఉన్నాయి. దాదాపు సమానం. జన్యువు ఉన్నంత మాత్రాన జబ్బు రాదు, చాలామందికి ఎప్పటికీ రాదు. పెద్ద తేడా కంచంలో ఉంది. అక్కడ మనిషి రోజుకి సగటున 455 గ్రాముల గోధుమ తింటే, ఇక్కడ 25 గ్రాములు.

మరి మన పిల్లల కంచం ఇప్పుడు ఎలా ఉంది? మా పాపదే చూడండి. ఏడో నెల నుంచి మూడేళ్ళ దాకా అంగన్‌వాడీ బాలామృతం పెట్టాను. మంచి పిండే, లక్షలమంది పిల్లలు తిని పెరుగుతున్నారు. కానీ అందులో గోధుమ ఉంది. పొద్దున్న పాలల్లో కలిపే మాల్ట్ పొడిలో బార్లీ, గోధుమ. టిఫిన్‌కి బొంబాయి రవ్వ ఉప్మా. సాయంత్రం బిస్కెట్, బన్ను, నూడిల్స్. అన్నం తినే ఊరే, కాదనను. కానీ నా బిడ్డ రోజూ గోధుమ తింటోంది. నవ్వేసినాయన చూడనిది ఇదే.

ఆ పిల్లల డాక్టర్ గారు రాసింది టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్ష. దాంతోపాటు టోటల్ ఐజీఏ కూడా. ఎందుకంటే కొందరికి ఒంట్లో ఐజీఏ తక్కువగా ఉంటుంది. అలాంటివాళ్ళకి జబ్బున్నా మొదటి పరీక్షలో లేనట్టు వస్తుంది. మా పాపకి టీటీజీ ఉండాల్సిన దానికి మూడు రెట్లు వచ్చింది. మరీ ఎక్కువగా, పది రెట్లు దాటితే, ఇంకో రక్తపరీక్షతో తేల్చేసే పద్ధతి కూడా ఉందట. మూడు రెట్లు చాలదు. ఎండోస్కోపీ చేసి, పేగులోంచి చిన్న ముక్కలు తీసి చూడాలి. వచ్చే మంగళవారం విశాఖపట్నంలో చేస్తామన్నారు.

అప్పటిదాకా రోజూ ఒక చపాతీ అయినా పెట్టమన్నారు. ఏది పడట్లేదని అనుమానమో, దాన్నే నా చేత్తో తినిపిస్తున్నాను. తిన్నాక పొట్ట పట్టుకుని ఏడుస్తుంది. మా ఆయన వేరావల్ నుంచి ఏదో వీడియో చూసి ఫోన్ చేశారు. "గోధుమ మానిపించెయ్, పది రోజుల్లో తగ్గిపోతాదంట. నువ్వు బిడ్డకి ఎందుకు పెడతన్నావు?" ఆయన బాధ నాకు తెలుసు.

ఆయనకి చెప్పిందే మీకూ చెప్తున్నాను. గోధుమ ఆపేస్తే పేగు మెల్లగా బాగుపడుతుంది, రక్తంలో ఆ గుర్తులు తగ్గిపోతాయి. అప్పుడు పరీక్ష చేస్తే జబ్బున్నా లేనట్టు రావచ్చు. తేల్చాలంటే మళ్ళీ కొన్ని వారాలు గోధుమ పెట్టి, బిడ్డని మళ్ళీ ఏడిపించాలి. తేల్చకుండా వదిలేద్దామా? అదీ కుదరదు. సీలియాక్ అయితే జీవితాంతం ఒక్క బిస్కెట్ ముక్క కూడా తినకూడదు. కాకపోతే అసలు జబ్బు ఇంకేదో ఉన్నట్టు, దాన్ని వెతకాలి. "ఏమో, అయ్యుండొచ్చు" అనే మాట మీద ఒక ఆడపిల్ల జన్మంతా గడపలేదు కదా.

ఇంకో విషయం. గోధుమ పడకపోవడం అంటే అన్నీ ఒకటి కాదు. గోధుమ అలర్జీ వేరు. తిన్న కొన్ని నిమిషాల్లో, లేదా గంటా రెండు గంటల్లో దద్దుర్లు, వాపు, ఆయాసం వస్తాయి. ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. సీలియాక్ కాదు, అలర్జీ కాదు, అయినా గోధుమ తింటే ఇబ్బంది పడేవాళ్ళూ ఉంటారు. దానికి విడిగా పరీక్ష లేదు, మిగతా రెండూ కాదని తేలాకే ఆ మాట అనాలి.

మా పాపకి సీలియాక్ అనే తేలితే ఏం పెట్టాలో ఇప్పటికే రాసుకున్నాను. అన్నం, ఇడ్లీ, అటుకులు, చోడి అంబలి, గంటి పిండి రొట్టె, జొన్న, చేపలు, గుడ్లు, కొబ్బరి, జీడిపప్పు. మా ఉద్దానంలో పండేదీ, మా సముద్రంలో దొరికేదీ చాలావరకు పనికొస్తాయి. జాగ్రత్త పడాల్సింది దాక్కున్న గోధుమతో. డబ్బాలో అమ్మే ఇంగువలో చాలావాటిలో గోధుమపిండి కలుపుతారు. సోయా సాస్‌లోనూ ఉంటుంది. గోధుమ ఆడించిన మరలోనే చోళ్ళు ఆడిస్తే ఆ పిండి కలుస్తుంది. ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని ఉందంటే, మన దేశం రూల్ ప్రకారం కిలోకి 20 మిల్లీగ్రాముల లోపే గ్లూటెన్ ఉండాలి.

చివరగా, మీ ఇంట్లో ఏ పిల్లైనా పొట్ట ఉబ్బి, బరువు పెరగక, ఐరన్ వేసినా రక్తం పట్టక ఉంటే, డాక్టర్ గారిని మర్యాదగా మూడు అడగండి. సార్, టీటీజీ ఐజీఏ చేయించొచ్చా? దాంతో టోటల్ ఐజీఏ రాస్తారా? పరీక్ష అయ్యేదాకా గోధుమ పెట్టాలా? ఇంట్లో ఒకరికి సీలియాక్ అని తేలితే తోబుట్టువులకీ, అమ్మానాన్నలకీ కూడా ఆ రక్తపరీక్ష అవసరం.

ఉద్దానంలో అందరి నోటా క్రియాటినిన్ అనే మాట ఊరికే రాలేదు, ఎన్నో ఇళ్ళు నష్టపోయాక వచ్చింది. టీటీజీ అనే మాట కొంచెం ముందే తెలిస్తే మంచిది. ఈ వీడియో మీ వదినకో, అక్కకో, మీ ఊరి అంగన్‌వాడీ టీచర్‌కో పంపండి. ఉంటాను, నమస్తే.