మొగ దగ్గర అల, మన ఏటి మట్టి

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు ఒక షరతు పెట్టారు. కరువు భత్యం గురించీ మెడికల్ బిల్లుల గురించీ ఇప్పటికే ముగ్గురు మాట్లాడుతున్నారట. నన్ను మాత్రం ఇంకేదైనా చెప్పమన్నారు. నేను నీటిపారుదల శాఖలో 33 ఏళ్ళు పనిచేసినవాణ్ణి. నీళ్ళ సంగతి తప్ప నాకు ఇంకొకటి చెప్పడం రాదు. కాబట్టి నీళ్ళ గురించే చెబుతాను. నది సముద్రంలో కలిసేచోట ఒక అల లేస్తుంది. ఆ అలమీద పలక వేసుకుని, నిలబడి ఒడ్డుదాకా వచ్చే ఆట ఒకటి ఉంది. దాన్ని సర్ఫింగ్ అంటారు. వెనక వరసలో ఎవరో నవ్వుతున్నారు. నల్లగొండకు సముద్రమేమిటి, మనకు దేవరకొండ గుట్టలే గదా అని కావచ్చు. సంబంధం ఉంది, మనవి చేస్తాను.

ఈ ఆట హవాయి దీవులవాళ్ళది. తరతరాలుగా వాళ్ళు ఆడుకున్నది ప్రపంచమంతా పాకి, 2021లో టోక్యోలో జరిగిన ఒలింపిక్స్‌లో మొదటిసారి చోటు సంపాదించుకుంది. మన దేశంలో దీనికి పేరు తెచ్చిన ఊరు కర్ణాటకలో మంగళూరు దగ్గర ముల్కి. అక్కడ ఒక వైష్ణవ ఆశ్రమం వారు 2004లో సర్ఫింగ్ క్లబ్బు పెట్టారు. సాధువులేమిటి, అలల మీద స్వారీ ఏమిటి అని నేనూ ఆశ్చర్యపోయాను. ముల్కికి ఆనుకునే ససిహిత్లు అనే చోట శాంభవి, నందిని అనే రెండు చిన్న నదులు కలిసి సముద్రంలో పడతాయి. అక్కడ 2016లో జాతీయస్థాయి పోటీలు పెట్టారు. నా చిన్నల్లుడి ఉద్యోగం మంగళూరులో. కిందటి మే నెలలో వాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు, మా మనవడు అక్కడ ఈ విద్య నేర్చుకుంటున్నాడని తెలిసి, మోకాళ్ళ నొప్పులున్నా చూడటానికి పోయాను.

ఒక పక్క ఏరు, ఒక పక్క సముద్రం, మధ్యలో ఇసుక నాలుక. పిల్లలు పలకమీద బోర్లా పడుకుని చేతులతో నీళ్ళు తోసుకుంటూ లోపలికి పోతారు. అల వచ్చేదాకా ఊరకే కూర్చుంటారు. చాలాసేపు కూర్చుంటారు! మన కచేరీలలో బిల్లు పాసయ్యేదాకా కూర్చున్నంత ఓపికగా. పది అలలు పోనిచ్చి పదకొండోదాన్ని పట్టుకుంటారు. నేర్పే అతను అక్కడి బెస్తవారి కుర్రవాడే. నేను ఇంజనీరింగ్ వాణ్ణని మనవడు చెప్పినట్టున్నాడు, నా దగ్గరకొచ్చి హిందీలో ఒక మాట అన్నాడు: పైన నీళ్ళు చూసి లాభం లేదు సార్, కింద ఇసుక ఎక్కడుందో తెలియాలి.

ఆ ఒక్క మాటకే నాకు బస్సు ఛార్జీలు గిట్టుబాటయ్యాయి.

మన శాఖవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కనుక ఈ సంగతి కొంచెం వివరంగా చెబుతాను, మిగతావారు ఓర్చుకోవాలి. కాలువలో నీళ్ళు కొలవడానికి మనం స్టాండింగ్ వేవ్ ఫ్లూమ్ కట్టేవాళ్ళం, గుర్తుందా? డ్రాపు కింద నీళ్ళు ఎగిరి లేచి ఒకేచోట నిలబడి ఉంటాయి. అక్కడ అల నిలుస్తుంది, నీళ్ళు పోతుంటాయి. జర్మనీలో మ్యూనిక్ నగరం మధ్యలో ఐస్‌బాఖ్ అనే కాలువ మీద అటువంటి అలపైనే కుర్రకారు పలకలు వేసి ఆడుతూ వచ్చారు, 2010లో నగరపాలకులే అనుమతించారు. సముద్రంలో సంగతి తిరగబడుతుంది. అక్కడ అల పోతుంటుంది, నీళ్ళు దాదాపు ఉన్నచోటనే కిందికీ పైకీ ఊగుతాయి. ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో తుపాను గాలికి పుట్టిన కదలిక వేల కిలోమీటర్లు ప్రయాణంచేసి మన ఒడ్డుకు వస్తుంది. లోతు ఉన్నంతసేపూ దానికి అడ్డులేదు. అడుగు పైకి వస్తున్నకొద్దీ అల కాళ్ళు నేలకు తగిలి నెమ్మదిస్తాయి, తల మాత్రం ముందుకు తూలుతుంది. సుమారుగా నాలుగడుగుల అల అయిదడుగుల లోతుకు వచ్చేసరికి విరిగిపోతుంది. సాదా ఒడ్డున అయితే అల పొడుగునా ఒక్కసారే కూలుతుంది, దానిమీద ఎవడూ నిలబడలేడు. నది మొగ దగ్గర అట్లా కాదు. ఏరు తెచ్చిన ఇసుక సముద్రంలోకి ఏటవాలుగా, విసనకర్రలా పరచుకొని ఉంటుంది. అల ఒక కొసన విరగడం మొదలై ఆ ఇసుక వెంబడి చివరిదాకా వరసగా విరుగుతూ పోతుంది. విరిగే చోటుకు ఒక మూర ముందుండి జారుతూ పోవడమే ఈ విద్యలోని కిటుకంతా.

అంటే మొగ దగ్గర అలను తయారుచేసేది గాలి ఒక్కటే కాదు, నది కూడా. స్పెయిన్‌లో ముండాకా అని ఒక నది మొగ ఉంది, యూరపులో ఎంతో పేరున్న అల. 2003 ప్రాంతంలో నదిలో ఓడల కోసం ఇసుక తవ్వి వేరేచోట పోశారు. అడుగున ఇసుక దిబ్బ మారిపోయింది, అల కాస్తా మాయమైంది. 2005లో అక్కడ జరగవలసిన అంతర్జాతీయ పోటీని రద్దు చేసుకున్నారు. తరువాత నది తన ఇసుక తాను మళ్ళీ సర్దుకున్నాక అల తిరిగి వచ్చింది. సముద్రం అదే, గాలి అదే, ఇసుక మాత్రం అటూ ఇటూ అయింది.

ఇక మన కృష్ణ సంగతి.

మహాబలేశ్వరంలో పుట్టి ఇంచుమించు 1400 కిలోమీటర్లు నడిచే ఈ నది ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో మన నేలమీద కాలుపెడుతుంది. భీమను కలుపుకొని, జూరాల దాటి, కూడవెల్లి దగ్గర తుంగభద్రను కలుపుకొని, నల్లమల లోయలో పడి, శ్రీశైలం, నాగార్జునసాగర్ దాటి, వాడపల్లి దగ్గర మన మూసీని తీసుకొని పోతుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో వాడపల్లి సంగమానికి గేజి చూడటానికి వెళ్ళేవాణ్ణి. మూసీ తెచ్చిన ఇసుక కృష్ణలోకి నాలుకలా పొడుచుకొని ఉండేది. ఆ కొస మీదుగా పోయే నీళ్ళు సలసల కాగినట్టు అలలు వేసేవి. పుట్టి నడిపే పెద్దాయన తెడ్డుతో అటు చూపి, ఆ ఇసుక మీదికి పోవద్దు సారూ, పుట్టి గిరగిర తిరుగుతది అనేవాడు. ససిహిత్లు కుర్రవాడు చెప్పిన మాటా ఇదే. పులిచింతల కట్టాక వెనక జలాలతో అక్కడి రూపం మారిపోయింది.

విజయవాడ దగ్గర బ్యారేజీ దాటాక కృష్ణ పులిగడ్డ వద్ద చీలుతుంది. ఒక పాయ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది, అసలు పాయ నాగాయలంక మీదుగా ఇంకా దక్షిణానికి పోయి మళ్ళీ పాయలవుతుంది. ఆ ఊళ్ళ పేర్లు వినండి: పాలకాయతిప్ప, ఎలిచెట్లదిబ్బ. అన్నీ తిప్పలూ దిబ్బలే. నది తెచ్చి పోసిన మట్టిమీద వెలసిన ఊళ్ళు. మన పాలమూరు ఎర్రమట్టి, రాయచూరు నల్లరేగడి, మూసీ ఇసుక, వేల ఏళ్ళపాటు కొట్టుకుపోయి అక్కడ దివిసీమ అయింది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి వేలమందిని పొట్టన పెట్టుకున్నది కూడా ఆ నేలనే.

హంసలదీవిలో పలకమీద నిలబడ్డవాణ్ణి నేను చూడలేదు. కాని అలమీద స్వారీ మన తీరానికి కొత్త అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. దుంగలు కట్టిన తెప్పమీద బెస్తవారు వేట ముగించుకొని వచ్చేటప్పుడు, విరిగే అలకు సరిగ్గా ముందు తెప్పను నిలిపి, తెడ్డుతో దిశ పట్టుకొని ఒక్క ఊపున ఒడ్డున పడతారు. అది ఆట కాదు గనుక, చూసేవాళ్ళు చప్పట్లు కొట్టలేదు, అంతే తేడా.

ఇప్పుడు లెక్కలోకి వస్తాను. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు, 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. కట్టినప్పుడు దాని నిల్వ సామర్థ్యం 408 టి.ఎం.సి.లు. తరువాతి సర్వేల ప్రకారం 312. శ్రీశైలం మొదట 308, తరువాతి సర్వేలో 215 పైచిలుకు. రెండింటిలో కలిపి 188 టి.ఎం.సి.ల చోటు పూడికతో నిండిపోయింది. పులిచింతల సామర్థ్యం 45.77 అని మీకు తెలుసు. అటువంటివి నాలుగు రిజర్వాయర్లు మట్టికింద పోయాయన్నమాట. ఆ మట్టి ఎక్కడికి పోవలసింది? దిగువకు. ఆంధ్రా యూనివర్సిటీ వారు డెల్టా తీరాన్ని పరిశోధించి ఇచ్చిన లెక్క ప్రకారం 1960ల చివర ఏటా సుమారు 90 లక్షల టన్నుల ఒండ్రు మోసిన కృష్ణ, 2000–2005 నాటికి 4 లక్షల టన్నులకు పడిపోయింది. ఒడ్డున ఉన్న ఇసుకను సముద్రం ఎప్పుడూ తీసుకుపోతూనే ఉంటుంది, నది మళ్ళీ తెచ్చి పోస్తుంటుంది. పోసేవాడు చెయ్యి ముడుచుకుంటే తీసుకుపోయేవాడు ఊరుకోడు. డెల్టా అంచు కోసుకుపోతున్నది. ఎగువ నుంచి వరద తగ్గితే ఇంకొక చిక్కు: మొగను కడిగే నీటి జోరు లేక, ఒడ్డు వెంబడి కొట్టుకొచ్చే ఇసుక చిన్న మొగలను మూసేస్తుంది, పడవలు బయటికి పోలేవు. ఒకచోట ఇసుక చాలదు, ఇంకొకచోట అడ్డం. వినడానికి విచిత్రంగా ఉంటుంది గాని రెండింటి మూలం ఒకటే.

ఒకే మట్టి. ఇక్కడ ఎక్కువై మన నిల్వ పోయింది, అక్కడ తక్కువై వాళ్ళ నేల పోతున్నది.

ఆనకట్టలు కట్టడం తప్పని నేను అనడం లేదు. ఆ మాట ఎవరన్నా నేనే పోట్లాడతాను. మర్రిగూడ వైపు ఫ్లోరైడు నీళ్ళు తాగి నడుము వంగిపోయిన మనుషులను చూసినవాణ్ణి. సాగర్ ఎడమ కాలువ రాకముందు మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ఎట్లా ఉండేవో మీలో పెద్దవారికి తెలుసు. పాలమూరు కూలీల చెమట ఏ రాష్ట్రంలో ఏ ఆనకట్టలో లేదు? నేననేది, మనం నీళ్ళకు లెక్క రాశాం, మట్టికి రాయలేదు అని. క్యూసెక్కు క్యూసెక్కుకూ రెండు రాష్ట్రాలు తగవు పడతాయి, ట్రిబ్యునళ్ళు కూర్చుంటాయి. టన్ను ఒండ్రు గురించి ఒక్క వకీలు నోరు విప్పినట్టు నేను వినలేదు. చెరువు పూడికమట్టిని వేసవిలో బండ్లతో పొలాలకు తోలుకోవడం మన తాతలకు తెలుసు; 2015లో మిషన్ కాకతీయ పేరున చెరువులకు ఆ పని మళ్ళీ మొదలుపెట్టారు కూడా. సాగర్ అంత పెద్దదానికి బండ్లు చాలవు, నాకూ తెలుసు. ఎగువన వాలు నేలల్లో మట్టి కొట్టుకుపోకుండా కందకాలు తవ్వడం, గట్లు వేయడం మాత్రం మన చేతిలోనిదే. మన పాలమూరు రైతుకు అందులో మొదటి లాభం, పైమట్టి పొలంలోనే ఉంటుంది. వరద రోజుల్లో అడుగు తూముల ద్వారా ఒండ్రు కొంతయినా కిందికి పంపగలమా అన్నది ఇప్పుడు ఉద్యోగంలో ఉన్న ఇంజనీర్లు చూడాలి. మన శాఖ పిల్లలు ఎవరైనా ఈ సంచిక చదివితే దయచేసి ఆలోచించండి.

చివరగా ఒక మాట, ఇది అందరికీ. మాఘ పౌర్ణమికి హంసలదీవి సాగరసంగమ స్నానానికి మనవాళ్ళు మనవలను వెంటబెట్టుకొని పోతుంటారు. మన పిల్లలు చెరువులో, కాలువలో ఈత నేర్చినవాళ్ళు. మొగ దగ్గర నీళ్ళు అట్లా ఉండవు. ఏటి పాయ సముద్రంలోకి పోయే దారిలో పైకి అలలు తక్కువగా, నున్నగా కనిపిస్తుంది, లోపల లాగుడు ఎక్కువ. పాటు సమయంలో మరీ ఎక్కువ. సర్ఫింగ్ పిల్లలు శ్రమలేకుండా లోపలికి పోవడానికి ఆ లాగుడునే వాడుకుంటారు, స్నానానికి దిగినవాడిని మింగేదీ అదే. నున్నగా ఉందని అటు దిగవద్దు. ఒకవేళ లాగితే ఒడ్డుకేసి ఎదురీదవద్దు, ఎంత గజ ఈతగాడైనా అలసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తప్పాక అలలతోపాటు ఒడ్డుకు రావాలి. ఈత రానివాడు భయపడక తేలుతూ చెయ్యి ఎత్తి పిలవాలి. దిగేముందు అక్కడి జాలరులను అడగండి, ఏ పక్క ఇసుక గట్టిగా ఉందో వాళ్ళకు తెలుస్తుంది.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. భోజనాలు కూడా సిద్ధమైనట్టున్నాయి.