ఐర్లండులో ఒక కుటుంబము

తల్లికిని గర్భస్థశిశువునకును ప్రాణహక్కు సమానమని 1983లో రాజ్యాంగమున లిఖించుకొన్న ఐర్లండు దేశమందు, 1992 ఫిబ్రవరిలో, అత్యాచారమునకు గురియై గర్భవతియైన పదునాలుగేండ్ల బాలికను తల్లిదండ్రులు గర్భస్రావమునకై ఇంగ్లండునకు తోడ్కొనిపోయిరి. పిండకణములు దోషిపై సాక్ష్యముగా పనికివచ్చునా యని వారు ముందుగా పోలీసులను అడిగియుండిరి. పాపము, ఆ అమాయకపు ప్రశ్నయే అటార్నీ జనరలు చెవిని పడగా, ఆయన కోరికపై హైకోర్టు గర్భస్రావముపై నిషేధాజ్ఞ జారీచేసెను. చట్టమునకు తలయొగ్గి, వచ్చిన పని కాకయే వారు ఇల్లు చేరిరి. న్యాయము కోరి పోలీసుల గడప తొక్కినవారే ప్రతివాదులగుట విచిత్రము కాదా! వ్యాజ్యపత్రములలో ఆ బాలికకు పేరు లేదు, ‘ఎక్స్’ అను అక్షరము తప్ప. ఆమె ఆత్మహత్యకు పాల్పడు ప్రమాదమున్నదని గ్రహించి, ఫిబ్రవరి నెలాఖరులోనే సుప్రీంకోర్టు నిషేధమును తొలగించెను. ఆ రాజ్యాంగ నిబంధనను మాత్రము 2018 మే నెల ప్రజాభిప్రాయసేకరణలో, ఓటు వేసినవారిలో నూటికి 66 మంది త్రోసిపుచ్చిరి.