వేలికొసన నిలిచే అక్షరం

(దృష్టిలోపం గల విద్యార్థుల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఖుర్ఆన్‌లోని 80వ అధ్యాయం 'అబస' మనకు సుపరిచితమే. నేర్చుకోవాలనే తపనతో వచ్చిన అంధుణ్ణి ఉపేక్షించరాదన్న హెచ్చరిక అందులో ఉంది. ఆ వచ్చినవారు హజ్రత్ అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి). మదీనాలో అజాన్ పలికే బాధ్యతను కూడా ఆయన నిర్వహించారు. ఈ ఘట్టాన్ని మనం తరచుగా స్మరిస్తాం. అయితే మన వీధిలోని అంధ బాలిక చేతికి పాఠ్యపుస్తకం అందిందో లేదో ఎన్నడైనా విచారించామా?

"ఫోనులో పాఠాలు వినిపిస్తున్నాం, అది చాలదా?" అని కొందరు తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతుంటారు. చాలదన్నదే మా సమాధానం. వినడం వల్ల విషయం తెలుస్తుంది గాని, అక్షరం తెలియదు. ఉర్దూలో సీన్, సాద్, సే మూడూ చెవికి ఒకే 'స'గా వినిపిస్తాయి. రాతలో మూడూ వేరు. తెలుగులో ఒత్తు ఎక్కడ, లెక్కలో భిన్నం ఎలా రాయాలి అన్నవి వేలికొసలకు తగిలినప్పుడే మనసులో స్థిరపడతాయి. చూపున్న పిల్లలను పుస్తకం లేకుండా కేవలం విని చదువుకోమని మనం అనగలమా?

లూయీ బ్రెయిల్ 1824లో, తన 15వ ఏట, ఈ లిపికి రూపమిచ్చారు. ఆరు చుక్కల నుండి 63 రూపాలు పుడతాయి. మన దేశంలో 1951లో భారతీయ భాషలకు ఉమ్మడిగా 'భారతి బ్రెయిలు' ఏర్పడింది. తెలుగు 'క', హిందీ 'క', ఉర్దూ 'కాఫ్' మూడింటికీ అవే రెండు చుక్కలు: ఎడమ వరుసలో పైది, కిందిది. ముద్రణలో కుడి నుండి ఎడమకు సాగే ఉర్దూ, బ్రెయిలులో ఎడమ నుండి కుడికే సాగుతుంది. కనుక తెలుగు బ్రెయిలు వచ్చి, ఇంట్లో ఉర్దూ మాట్లాడే బిడ్డ ఉర్దూ చదవడానికి మళ్లీ మొదటి నుండి ఆరంభించనక్కరలేదు. బోధించే ఉపాధ్యాయులకూ ఇదే వర్తిస్తుంది. ఉర్దూ బ్రెయిలు అసాధ్యమన్న మాటకు ఆధారం లేదు.

ఇది దయాధర్మం కాదు, హక్కు. వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 17వ సెక్షన్ ప్రకారం 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం గల విద్యార్థులకు 18 ఏళ్ల వరకు పుస్తకాలు, అభ్యసన సామగ్రి, తగిన ఉపకరణాలు ఉచితంగా సమకూర్చాలి. 2012 నాటి కాపీరైట్ సవరణ వల్ల బ్రెయిలు ప్రతుల తయారీకి ఆ అడ్డంకీ తొలగింది. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూకు రెండవ అధికార భాషగా గుర్తింపు లభించింది.

ఇక ఆచరణలో రెండు చిక్కులున్నాయి. అనూ ఫాంట్లలోనో, ఇన్‌పేజ్‌లోనో కూర్చిన పాఠాన్ని బ్రెయిలు సాఫ్ట్‌వేర్ నేరుగా గ్రహించలేదు. ముందుగా దాన్ని యూనికోడ్‌లోకి మార్చడమో, మళ్లీ టైపు చేయడమో అవసరమవుతుంది. పైగా ఒక పాఠ్యపుస్తకం మందపాటి కాగితంపై అనేక సంపుటాలవుతుంది. అందుచేత మా కోరిక ఇది: పాఠ్యపుస్తకం సిద్ధమైన రోజునే దాని యూనికోడ్ ప్రతిని బ్రెయిలు ముద్రణకు పంపాలి. చూపున్న పిల్లలకు పుస్తకాలు పంచే రోజునే అంధ విద్యార్థులకూ, వారు చదివే మాధ్యమంలోనే, పుస్తకం అందాలి.

తల్లిదండ్రులారా, బడిలో చేర్చే రోజునే బ్రెయిలు పుస్తకాలు కావాలని లిఖితపూర్వకంగా కోరండి. దరఖాస్తు నకలుపై ముద్ర వేయించుకోండి. మస్జిద్ కమిటీలు ఆ దరఖాస్తు రాయడంలో తోడ్పడాలి. తల్లులు కూడా ఆ చుక్కలను కంటితో చూసి నేర్చుకోవచ్చు. రాత్రి వేళ దీపం ఆర్పాక కూడా బిడ్డ తన పుస్తకాన్ని చదువుకోగలదు. ఆ పుస్తకం దాని ఒడిలో ఉండేలా చూడటం మనందరి బాధ్యత.