సంచీ వాళ్లది, సంబరం మనది
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో మాకు ఎప్పుడూ తాలీమ్ గురించే మాట్లాడమని ఆజ్ఞ అవుతుంది. పిల్లల హాజరు, ఉర్దూ మీడియం ఇబ్బందులు, పదో తరగతి ఫలితాలు, ఇవే చెప్తూ వచ్చాము. ఈసారి మాత్రం కార్యదర్శి గారి అనుమతి అడిగి వేరే సంగతి ఎత్తుకున్నాము. వినగా వినగా ఇది కూడా తాలీమ్ సంగతేనని మీరే అంటారు.

ఎవరో ఎక్కడో బజారుకు వెళ్లి బట్టలో, గిన్నెలో, గాజులో కొనుక్కుంటారు. ఇంటికి వచ్చి సంచీ విప్పి, ఒక్కొక్కటీ ఫోను ముందు పెట్టి చూపిస్తారు. దానిని మనం మన ఇంట్లో కూర్చుని అరగంట చూస్తాము. వస్తువు మనది కాదు, డబ్బు మనది కాదు, ఆ మనిషి మన చుట్టమూ కాదు. ఐనా చూడబుద్ధి అవుతుంది. ఎందుకని?

ఇది ఆడవాళ్ల పిచ్చి అని నవ్వేసే మగవాళ్లు ఈ హాలులో వున్నారు. వారికి ముందుగా ఒక ఒప్పుకోలు. మేమూ చూస్తాము. మాకు కలాల షౌఖ్. ఎవరో రాజమండ్రి రత్నం పెన్ను పెట్టెలోంచి తీసి, మూత విప్పి, సిరా పోసి, కాగితం మీద మొదటి గీత గీసేదాకా ఊపిరి బిగబట్టి చూసిన రాత్రులున్నాయి. మా జేబులో వున్నది మాత్రం పది రూపాయల బాల్ పెన్ను. మన అబ్బాయిలు కొత్త ఫోను సీలు చింపే వీడియోలు, షోరూములో బైకు తాళాలు పుచ్చుకునే వీడియోలు చూడటం లేదా? కాబట్టి ఆడా మగా అన్న తేడా ఇందులో లేదు.

యూట్యూబ్ పుట్టింది 2005లో. ఆ తరువాత కొద్ది ఏళ్లకే కొన్న సామాను చూపించే వీడియోలు అమెరికాలో ఊపందుకున్నాయి. వాటిని 'హాల్' వీడియోలనీ, పెట్టె విప్పేవాటిని 'అన్‌బాక్సింగ్' అనీ అంటారు. ర్యాన్ అనే పసివాడు 2015 నుంచి బొమ్మల పెట్టెలు విప్పుతూ విప్పుతూ, 2018లో ఫోర్బ్స్ పత్రిక లెక్క ప్రకారం యూట్యూబ్ మీద అందరికంటె ఎక్కువ సంపాదించినవాడైనాడు. ఎంతనుకున్నారు? 2 కోట్ల 20 లక్షల డాలర్లు! మన దేశంలో 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చౌక ఐన తరువాత ఈ అలవాటు గల్లీ గల్లీకి చేరింది. 2020లో లాక్‌డౌన్ వచ్చి బజార్లు మూతపడినప్పుడు ఇంకా పెరిగింది. ఈనాడు వస్త్రలత హోల్‌సేల్ చీరలు, మంగళగిరి మగ్గం చీరలు, చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలు, అన్నీ ఫోనులోనే మడత విప్పి చూపిస్తున్నారు.

ఐతే ఇది కొత్త జబ్బా? మాకు అలా తోచదు. మన డెల్టా పల్లెల్లో కోతలైపోయి చేతిలో నాలుగు డబ్బులాడే రోజుల్లో చీరల మూటవాడు వచ్చేవాడు. అరుగు మీద మూట విప్పగానే వీధి వీధంతా చేరేది. కొనేది ఒక్కరు, చూసేది పదిమంది. గాజుల మలారం దించినా అంతే. మన ఇళ్లల్లో సాంచక్ నాడు పెళ్లికొడుకు వారు తెచ్చిన జోడాలు, నగలు, మిఠాయి పళ్లాలు వరసగా పరిచి చూపించడం లేదూ? దుబాయి నుంచో, కువైట్ నుంచో ఎవరి అబ్బాయైనా వస్తే, సూట్‌కేసు తాళం తీసే వేళకు గల్లీలోని ఖాలాలు, ఫుఫులు అందరూ అక్కడే వుండేవారు. సెంటు సీసా, సబ్బులు, మెరిసే దుప్పటి, ఒక్కొక్కటే బయటికి వస్తుంటే ఆ గదిలో చప్పుడుండేది కాదు. హజ్ నుంచి వచ్చినవారి సామాను విప్పినప్పుడు జంజమ్ నీళ్ల కోసం, ఖజూరం కోసం మనమే చేతులు చాపి నిల్చున్నాము. కాబట్టి పెట్టె విప్పితే చూడాలనే ఆశ పాతదే. కొత్తగా వచ్చినది ఫోను.

మరి ఆ ఆశ ఎక్కడ నుంచి పుడుతుంది? చదువుకున్నవారు దీనికి కొన్ని కారణాలు చెప్పారు. మాకు తెలిసినంత మటుకు మనవి చేస్తాము.

మొదటిది, మూసి వున్నదాని మీద వుండే ఉబలాటం. వోల్ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రజ్ఞుడు కోతుల మీద పరిశోధన చేసి 1990లలో ఒక సంగతి కనిపెట్టాడు. కోతికి ఒక సైగ చూపించి, ఆ తరువాత పళ్లరసం చుక్క ఇచ్చేవారు. అలవాటు పడిన తరువాత దాని మెదడులో డోపమిన్ కణాలు రసం తాగినప్పుడు కాదు, సైగ కనబడినప్పుడే చలించాయట. అంటే దొరకడం కంటె దొరకబోతుందన్నదే మనసును లేపుతుంది. ఈద్ నాటికంటె చాంద్ రాత్ ఎందుకు తియ్యగా వుంటుందో ఇప్పుడు అర్థమైందా? సంచీలో చెయ్యి పెట్టి ఒక్క క్షణం ఆగుతారే, ఆ క్షణమే ఈ వీడియోలకు ప్రాణం.

రెండవది, మనిషి తోడు. 1956లో డోనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు ఒక వ్యాసం రాశారు. రేడియోలో, టెలివిజన్‌లో రోజూ కనబడి మాట్లాడే మనిషిని చూసేవాళ్లు తమకు బాగా తెలిసిన మనిషిగానే భావిస్తారని, ఆ స్నేహం ఒకవైపు నుంచే నడుస్తుందని వారు చెప్పారు. ఫోనులో ఆమె "ఇది చూడండి అక్కా" అంటే, మన ఇంట్లో పగలంతా ఒంటరిగా వుండే కోడలికి ఎవరో పలకరించినట్టే వుంటుంది.

మూడవది, పనికొచ్చే సమాచారం. దీనిని మేము తక్కువ చేయము. రమజాను నెలలో వన్ టౌన్‌లో, బీసెంట్ రోడ్డులో ఆ జనంలో పసిపిల్లను చంకనేసుకుని తిరగలేని తల్లి, గుడ్డ పలచనా మందమా, రంగు పోతుందా నిలుస్తుందా అన్నది ఇంకొకరి నోట తెలుసుకుంటే తప్పేముంది?

నాలుగవది, పోలిక. మనిషి తానెక్కడ వున్నాడో తెలుసుకోవడానికి పక్కవాడిని చూసి కొలుచుకుంటాడని లియోన్ ఫెస్టింగర్ 1954లో రాశాడు. ఖారూన్ వైభవం చూసి ఆశపడిన జనం కథ మనం చిన్నప్పటి నుంచి విన్నదే. పూర్వం ఆ పోలిక మన గల్లీలోని పది ఇళ్లతో. ఆ పది ఇళ్ల అప్పూ సప్పూ కూడా మనకు తెలుసు. ఇప్పుడు పోలిక ఎవరితోనో తెలియదు. వాళ్ల సంచీ కనబడుతుంది గాని, వాళ్ల అప్పు కనబడదు.

ఇక మేము ఈ విషయం ఎందుకు ఎత్తుకున్నామో చెప్తాము. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, ఆ చుట్టుపక్కల పేటలు మునిగిన సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. ఈ హాలులో వున్నవారిలో కొందరు ఆ నీళ్లలో నిల్చున్నవారే. నీళ్లు తీసిన తరువాత వీధి పొడుగునా పరుపులు, ఫ్రిజ్‌లు, పిల్లల పుస్తకాలు బురదలో పడి వున్నాయి. ఇళ్లు తమ సామానంతా రోడ్డు మీద విప్పి చూపించిన రోజులవి. ఆ రోజుల్లో మా బడిలో చదివే ఒక అమ్మాయి ఇంటికి పుస్తకాలు ఇవ్వడానికి వెళ్లాము. గోడకు నీటి చార ఇంకా ఆరలేదు. తల్లి మెట్టు మీద కూర్చుని ఫోను చూస్తోంది. ఎవరో కొత్త వంటింట్లో స్టీలు డబ్బాలు సర్దుతున్న వీడియో అది.

"ఇవన్నీ చూస్తే బాధ కలగదా అమ్మా?" అని అడిగాము.

"లేదు మాస్టర్ సాబ్. చూస్తున్నంతసేపు నా ఇల్లే సర్దుకుంటున్నట్టు వుంటుంది" అంది ఆమె.

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. ఇలాంటివి చూడవద్దని చెప్పడానికి నోట్లో సిద్ధంగా వున్న ఉపన్యాసమంతా మింగి ఇంటికి వచ్చాము. మనిషికి కొన్నిసార్లు కళ్లతో సర్దుకున్న ఇల్లు కూడా ఒక ఆసరాయే.

ఐతే కథ అక్కడ ఆగలేదు. మునిగిన కింది అంతస్తు ఇళ్లకు ప్రభుత్వం ప్రకటించిన 25,000 రూపాయలతో ఆమె పరుపు, స్టవ్వు, కుట్టు మిషను కొనుక్కుంది. అక్కడికి బాగానే వుంది. తరువాత వీడియో కింద వున్న బటను మీదకు వేలు పోయింది. ఒక మిక్సీ, డబ్బాల సెట్టు, పండగకు పిల్లకు ఆ వీడియోలో చూసిన గరారా. డబ్బు ఇప్పుడక్కరలేదు, వాయిదాల మీద ఇవ్వవచ్చునన్నారు. 2025 రమజాను వచ్చేసరికి మూడు చోట్ల వాయిదాలు. రెండు తప్పగానే ఫోన్లు మొదలైనాయి. ఆమెకే కాదు, ఆమె ఆడపడుచుకు, అన్నకు కూడా. పిల్ల బడికి రావడం తగ్గింది. అడిగితే, "అమ్మీకి బటన్లు, హుక్కులు కుట్టి పెడుతున్నాను సార్" అంది. ఈద్‌కు ఆ గరారా వేసుకోలేదు. "దాన్ని చూస్తేనే అమ్మీ ఏడుస్తుంది" అంది.

ఆరు నెలలు మిషను తొక్కి ఆ తల్లి అప్పు తీర్చింది. పిల్ల మళ్లీ బడికి వస్తోంది. ఇది ఆమె అనుమతితోనే పేరు లేకుండా చెప్తున్నాము. ఆమె తప్పు చేసిందని చెప్పడం మా ఉద్దేశం కాదు. మొదట ఏ వీడియో ఆమెను ఓదార్చిందో, అదే తరువాత ఆమెను ముంచింది. మధ్యలో వున్నది వేలెడంత దూరం.

ఆ వేలెడంత దూరాన్ని తగ్గించడమే కొందరికి వ్యాపారం. చూపించేవారిలో చాలామంది ఆ వస్తువును కొననే కొనరు. ఉచితంగా పుచ్చుకుంటారు, పైన డబ్బు కూడా తీసుకుంటారు. అందుకే డబ్బు గాని, ఉచిత వస్తువు గాని తీసుకుని పొగిడేవారు ఆ సంగతి చూసేవారికి స్పష్టంగా చెప్పాలని 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదారి పట్టించే ప్రకటనలకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వుంది. మోసపోయామనుకున్నవారు 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. ఈ నంబరు మీ ఇంట్లో క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి.

ఇక సంఘానికి మా మనవులు మూడు.

మొదటిది, చూడండి, గాని చూసిన రోజు కొనవద్దు. మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాము. నచ్చినది నోటు పుస్తకంలో రాస్తాము. జుమా దాకా ఆగుతాము. జుమా నాటికి కూడా అవసరమనిపిస్తే అప్పుడు ఆలోచిస్తాము. మా పుస్తకంలో ఇప్పటికి రాసినవి పందొమ్మిది, కొన్నవి నాలుగు. రత్నం పెన్ను ఇంకా పుస్తకంలోనే వుంది!

రెండవది, పిల్లలతో కలిసి చూడండి. ఫోను లాక్కుంటే వాళ్లు దాక్కుని చూస్తారు. పక్కన కూర్చుని, "దీని ధర ఎంత, ఈమెకు ఇది ఎవరిచ్చారు, రేపు ఇదెక్కడ వుంటుంది?" అని అడగండి. మా ఎనిమిదో తరగతిలో ఇలాగే లెక్క వేయించాము. ఒక వీడియోలో చూపించిన సామాను అంతా కూడితే ఎంతవుతుంది, దానికి మీ అబ్బా ఎన్ని రోజులు పని చెయ్యాలి? ఆటో నడిపే ఒకరి కొడుకు లెక్క పూర్తి చేసి చాలాసేపు తల ఎత్తలేదు. ఆ నిశ్శబ్దం మా పాఠాలన్నిటికంటె పెద్ద పాఠం.

మూడవది, పెద్దలకు. పెళ్లిళ్లలో జహేజ్ సామాను పరిచి చూపించడమే బరువనుకుంటే, ఇప్పుడు దానిని వీడియో తీసి అందరికీ పంపుతున్నారు. అది చూసే ఇళ్లల్లో పెళ్లి కావలసిన ఆడపిల్లలు, వాళ్ల తండ్రులు వున్నారు. ఇస్రాఫ్ మన డబ్బుకు మాత్రమే నష్టం కాదు, పక్కింటివాడి నిద్రకు కూడా నష్టం. ఈ సంఘం సహాయంతో జరిగే పెళ్లిళ్లలోనైనా సామాను వీడియో తీయరాదని ఒక తీర్మానం చేయవలసిందిగా కోరుతున్నాము.

ఇతరుల సంచీ చూసి సంబరపడటం పాపం కాదు. అందులో కొంత మంచితనం కూడా వుంది. పక్కింటి చీర చూసి "బాగుంది అక్కా, నీకు నప్పింది" అనగలిగిన మనసు అది. ఆ మనసును కాపాడుకుందాం. దానిని ఎవరో బటనుగా మార్చి అమ్ముకోకుండా మాత్రం చూసుకుందాం.