లండన్ వీధిలో గుర్తొచ్చిన మన దండారి



తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! దండారి గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం పెద్దలు అడిగారు. మేము మాత్రం లండన్ నుంచి మొదలుపెడతాం. మా ఆయన ఉద్యోగం వల్ల రెండేళ్లు అక్కడ ఉన్నాం. హాస్టల్ పనికి జీతం లేని సెలవు పెట్టి, పిల్లలతో వెళ్లాం.

ఆగస్టు చివరి సోమవారం, దాని ముందు ఆదివారం అక్కడ నాటింగ్ హిల్ కార్నివాల్ జరుగుతుంది. రెండు రోజుల్లో పది లక్షలకు పైగా జనం వస్తారు. పిల్లల చేతులు గట్టిగా పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డాం. లారీల మీద సౌండ్ బాక్సులు. వాటి వెనుక ఈకల కిరీటాలు పెట్టుకుని ఆడుతూ వచ్చే వేషగాళ్లు. మా చిన్నోడు "అమ్మా, గుస్సాడీలు!" అని అరిచాడు. మాకు కళ్లు చెమర్చాయి.

మా పక్కింటి పెద్దమ్మ ట్రినిడాడ్ నుంచి వచ్చిన మనిషి. ఆమె చెప్పగా కొంత, చదివి కొంత తెలుసుకున్నాం. వాళ్ల పూర్వీకులను ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చారు. 1880లలో ఇంగ్లీషు ప్రభుత్వం అక్కడ వాళ్ల డోళ్లను నిషేధించింది. వాళ్లు వెదురు బొంగులు కొట్టారు. తర్వాత బిస్కెట్ డబ్బాలు, ఆ తర్వాత ఖాళీ నూనె పీపాలు. ఆ పీపా అడుగును సుత్తితో కొట్టి స్వరాలు పలికించారు. అదే స్టీల్ ప్యాన్. ఇవాళ అది ట్రినిడాడ్ జాతీయ వాద్యం.

1958లో నాటింగ్ హిల్‌లో నల్లవాళ్ల ఇళ్ల మీద తెల్లవాళ్ల గుంపులు దాడి చేశాయి. క్లాడియా జోన్స్ అనే ట్రినిడాడ్ ఆడబిడ్డ అక్కడ పత్రిక నడిపేది. 1959 జనవరి చలిలో ఒక హాలులో ఆమె కార్నివాల్ పెట్టింది. 1966లో అదే పేటలో రౌన్ లాస్లెట్ అనే ఆమె వీధి పండుగ జరిపితే, స్టీల్ బ్యాండు వాళ్లు వాయిస్తూ రోడ్డు మీదికి నడిచారు. జనం వెంట నడిచారు.

మధ్యాహ్నం మూడు గంటలకు ఒక్కసారిగా సంగీతం ఆగిపోయింది. 72 సెకన్ల మౌనం. 2017లో ఆ పక్కనే ఉన్న గ్రెన్‌ఫెల్ భవనం కాలి 72 మంది చనిపోయారు, వాళ్ల కోసం. మాకు ఇంద్రవెల్లి స్తూపం దగ్గర నిలబడినట్టే అనిపించింది.

ఆ రాత్రి పెద్దమ్మకు ఫోన్‌లో మన గుస్సాడీ చూపించాం. ఆమె చాలా సంతోషపడి, "మీ పిల్లలకు ఇది ఎవరు నేర్పుతారు?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. దీపావళి సెలవు ఒక్కరోజే అని, దండారికి ఇంకో నాలుగు రోజులు సెలవడిగిన పిల్లలను "హాజరు పోతుంది" అని ఆపింది మేమే. మా సొంత పిల్లలతో గోండి మాట్లాడటం మానేసిందీ మేమే.

తిరిగొచ్చాక హాస్టల్‌లో ఒక పని మొదలుపెట్టాం. శనివారం సాయంత్రం ఊరి నుంచి ఒక తాత వస్తాడు. గుమేల, పర్ర వాయించడం నేర్పుతాడు, గోండిలో కథ చెబుతాడు. దండారికి వెళ్లే పిల్లలకు ముందే పాఠాలు చెప్పి పంపుతున్నాం. ఇంట్లో మా చిన్నోడికి గోండి మళ్లీ మొదటి నుంచి నేర్పుతున్నాం. నాలుక తిరగక నవ్వుతాడు, అయినా మాట్లాడతాడు.

మార్లవాయి కనకరాజు తాతకు 2021లో పద్మశ్రీ వచ్చింది. మనందరికీ గర్వం. కానీ ఎవరో పెద్దమనిషి వస్తే స్వాగతానికి పది నిమిషాలు ఆడించే ఆటగా గుస్సాడీ మిగలకూడదు. ఊరు ఊరికి చుట్టంగా పోయే దండారి అది.

పట్నంలో చదివే, ఉద్యోగం చేసే మీరు ఈ దీపావళికి ఊరికి రండి. ఫోన్ జేబులో పెట్టి, డోలు అందుకోండి. తాతలు, అవ్వలు పాడే పాట ఒక్కటైనా గోండిలో నేర్చుకుని వెళ్లండి. మీ పిల్లలు ఏ దేశంలో ఉన్నా ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలగాలి.

జై సేవా!