తీరసీమ స్త్రీలు – పట్టాకెక్కని పేరులు



చిట్టమూరునకు తూర్పున, సముద్రపుటొడ్డున దుగరాజపట్నము కలదు. 1626లో ఆంగ్లేయులు అచ్చట వర్తకశాల నెలకొల్పినప్పటికి మదరాసు కోట లేనే లేదు. దక్షిణమున పులికాటులో డచ్చివారి గెల్డ్రియా కోట 1613 నాటికే వెలసినది. ఇరువురును వచ్చినది బట్టకొరకే. చరిత్రలు నేతగానిని స్మరించును, దుబాసీని స్మరించును. మగ్గమునకు నూలు వడికినదెవరు? ఇంటింటి ఆడువారు. దిక్కులేని విధవకు రాట్నమే మాన్యము. పందొమ్మిదవ శతాబ్దమున సీమనూలు దిగుమతి కాగా నేతగాడు ఆ నూలుతోనే నేసికొని కొంతకాలము నిలిచెను. రాట్నము మాత్రము అటకెక్కినది.

ఉప్పు సంగతియు నట్టిదే. 1805లో కుంపిణీవారు మదరాసు సీమలో ఉప్పును తమ గుత్తసొత్తు చేసికొనిరి. కడలి ఎదుటనే యున్నను, ఇల్లాలు చవిటినేలనుండి దోసెడు ఉప్పు తీసికొన్న నేరమే. ఆ పన్ను తొలగినది 1947లో.

సూళ్లూరుపేట దాటి మెట్టినిల్లు చేరిన ఆడుపడుచునకు అరవము వినక తప్పదు. పుట్టినింటి తెలుగు ఆ యింట నిలిచినచో ఆమె నోటివలననే నిలిచినది. 1960లో రెండు రాష్ట్రముల సరిహద్దు సవరించినప్పుడు ఊళ్లను భాషనుబట్టి లెక్కించిరి. ఆ భాషను ఊయలకడ నిలిపినవారిని లెక్కించుటకు పట్టిక లేదు.

ఇక భూమి. నాట్లు, కలుపు, కోత, దంపు అన్నియు స్త్రీల చేతిమీదుగా జరిగినవి. పట్టాలో పేరు మగవానిది. పసుపు కుంకుమ క్రింద కూతురునకిచ్చిన చెక్కయు పలుతావుల అన్నదమ్ముల ఖాతాలోనే యుండిపోయినది. ఆమెకు ఏటేటా నాలుగు కుంచముల ధాన్యము పంపిరేని అదియే గొప్ప. ఉమ్మడి కుటుంబమున భర్త పోయిన స్త్రీకి మనోవర్తి తప్ప వాటా లేదు. 1937 చట్టము విధవకు భర్త వాటా నిచ్చినది. కాని ఆ చట్టము వ్యవసాయ భూములకు వర్తింపదని 1941లో ఫెడరల్ కోర్టు తేల్చినది. పల్లెలో ఆస్తి యనగా పొలమే కదా! ఇల్లును బిందెలును పంచుకొమ్మని, మాగాణిని మాత్రము ముట్టవద్దని చెప్పినట్లైనది. మదరాసు శాసనసభ 1947లో ఆ కొరత తీర్చినను, ఆమెకు దక్కినది జీవితకాలపు అనుభవమే. అక్కర లేక అమ్మరాదు. 1956 జూను 17న హిందూ వారసత్వ చట్టము అమలులోనికి వచ్చి ఆ హక్కును సంపూర్ణము గావించినది. ఆంధ్రప్రదేశ్ అవతరించినది అదే యేడు నవంబరు 1న.

చట్టము వచ్చినను ఖాతా తనంత తాను మారదు. అర్జీ పెట్టవలెను, వేలిముద్ర వేయు స్త్రీకి దస్తావేజును మరియొకరు చదివి వినిపింపవలెను. ఆ చదువువాడు మరిదియో, మరిది పక్షమువాడో యైనచో ఆమె హక్కు కాగితము దాటి రాదు.

ఈ చిక్కును ముందుగా గుర్తించినవారిలో నెల్లూరి సీమకు చెందిన పొణకా కనకమ్మగారు ఒకరు. ఆమె బడిమెట్టు ఎక్కలేదు. ఇంటనే స్వయముగా చదువుకొని కవయిత్రియైరి. ఉప్పు సత్యాగ్రహకాలమున కారాగారమునకు వెళ్లిరి. అంతకు మునుపే, 1923లో, నెల్లూరున బాలికలకై కస్తూరిదేవీ విద్యాలయమును స్థాపించిరి. 1929లో గాంధీమహాత్ముడు దాని భవనమునకు శంకుస్థాపన చేసెను.